వయొలిన్ ఎవరికి వస్తుంది?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఒక సామెత. అనగ అనగ రాగమని ఇంకో సామెత. పిల్లల్ని సంగీతానికి పంపే ఇళ్ళలో ఈ రెండూ వినబడతాయి, అవసరాన్ని బట్టి. పిల్ల నెల తిరక్కుండానే తొలి పాఠాలైన సరళీ స్వరాలు పట్టేస్తే మొదటిది. ఆర్నెల్లయినా వాటి తర్వాతి జంట స్వరాల దగ్గరే ఉండిపోతే రెండోది. పక్కపక్కన పెడితే ఒకదానికొకటి ఎదురు నిలిచే మాటలివి. అయినా రెండూ నిజమనే నమ్ముతాం.

నేను వయొలిన్ నేర్చుకున్నదాన్ని. కొన్నేళ్ళుగా సాయంత్రాలు పిల్లలకు పాఠం చెబుతున్నాను. కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు ఫీజు కంటే ముందు అడిగేది ఒక్కటే: “టీచర్‌గారూ, మా వాడికి సంగీతం వస్తుందంటారా?” అడుగుతున్నప్పుడు వాళ్ళ మొహంలో ఉండే బెరుకు నాకు బాగా తెలుసు. మా అమ్మ కూడా అలాగే అడిగింది. ఇన్నేళ్ళకు నాకు అర్థమైందేమిటంటే అందులో నాలుగైదు ప్రశ్నలున్నాయి. చెవి సంగతి వేరు, చేతి సంగతి వేరు. రోజూ కూర్చోబుద్ధి కావడం ఇంకోటి. ఇంట్లో ఏం వినబడుతోందన్నది మరోటి. వీటన్నిటినీ ‘వరం’ అనే మాటలో మూటగట్టేసి, అది ఉందా లేదా అని అడుగుతున్నాం. ఆ మూట విప్పి చూడాలన్నదే నా తాపత్రయం.

విజయనగరం సంగీత కళాశాల పేరెత్తగానే మనవాళ్ళు చెప్పే కథ ఒకటుంది. 1919లో ఆ కళాశాల మొదలైన రోజుల్లో వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విద్యార్థిగా చేరదామని వెళ్ళారట. ఆయన వాయించింది విన్నాక ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారట. అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. తర్వాత 1936లో ఆ కుర్చీలోకి నాయుడు గారే వచ్చారు. కథ వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. కానీ చెప్పేవాళ్ళు చెప్పే తీరులో ఒక ముక్క జారిపోతుంది. ఆయన పుట్టింది 1893లో. చూపు సరిగా ఆనక బడి చదువు సాగలేదు. ఇంట్లో అన్నగారు వెంకటకృష్ణయ్య గారు వయొలిన్ వాయించేవారు, ఆయన దగ్గరే తొలి పాఠాలు. విజయనగరం గుమ్మం తొక్కేనాటికి నాయుడు గారికి పాతికేళ్ళు దాటాయి. చిన్నప్పటి నుంచి అప్పటిదాకా ఆ ఇంట్లో జరిగిన సాధన కథలో ఉండదు. గుమ్మం దగ్గర జరిగిన అద్భుతం ఒక్కటే మిగిలింది.

అలాగని పుట్టుకతో ఏదీ రాదనేస్తే అది అబద్ధం. మాండొలిన్ శ్రీనివాస్ గారిని విన్నవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. పాలకొల్లులో 1969లో పుట్టారు. ఆరేళ్ళ వయసులో ఇంట్లో ఉన్న తండ్రిగారి మాండొలిన్ చేతికెత్తుకున్నారు. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేశారు. అంటే తొమ్మిదేళ్ళు. మన పిల్లలు మూడో తరగతో నాలుగో తరగతో చదివే వయసు. 1981లో మద్రాసు కచేరీ వేదిక ఎక్కేనాటికి పన్నెండేళ్ళు. 2014 సెప్టెంబరులో, నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. ఎన్ని గంటలు కూర్చున్నా అందరం అక్కడికి చేరలేం. ఆ మాట ఒప్పుకోవడానికి నాకేమీ బాధ లేదు.

అయితే ఆ వరం ఏ రూపంలో ఉందన్నది చూడాలి. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, గాయకులు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయిద్యం మీద పలికించేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో, గమకానికి, అంటే స్వరాన్ని ఊపి పలికించడానికి, తీగ ఎంత లాగాలో చూపించేవాళ్ళు లేరు. పాటను చెవితో పట్టుకుని, దానికి దారి వేళ్ళతో వెతుక్కోవాలి. మాండొలిన్ నాదం మీటగానే ఆరిపోతుంది. సాగే గమకానికి అది చాలదు. అందుకని ఎలక్ట్రిక్ మాండొలిన్‌కి మారారు, జంటలుగా ఉండే ఎనిమిది తీగలు తీసేసి అయిదు విడి తీగలు వేసుకున్నారు. ఇవన్నీ చెవి అడిగినదానికి చెయ్యి వెతుక్కున్న జవాబులు. ఆయనకున్న అసాధారణమైన సంపద చెవిలో ఉందని నా నమ్మకం. ఆ చెవి ఎక్కడ పెరిగింది? తండ్రి క్లారినెట్ వాయించే ఇంట్లో, గురువు పాడే పాట ఎదురుగా కూర్చుని. అందులో రక్తంలోంచి వచ్చిందెంత, ఇంట్లోంచి వచ్చిందెంత అని విడదీయడం ఎవరి తరమూ కాదు.

చెవి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే పిల్లల గుండె పగిలేది ఎక్కువగా ఇక్కడే. “వీడికి శ్రుతి లేదు” అనే మాట ఎంత తేలిగ్గా అనేస్తామో! నిజంగానే స్వరాల మధ్య తేడా పోల్చుకోలేని పరిస్థితి పుట్టుకతో కొందరికి ఉంటుంది. నూటికి ఒకరిద్దరు అంతే. మిగతా పిల్లలు సా పాడమంటే వేరేది పాడుతున్నారంటే, చాలాసార్లు చెవి బాగానే వింటోంది, గొంతుకే దాన్ని అందుకోవడం ఇంకా రాలేదు. పరీక్ష సులువు. నేను వయొలిన్ మీద సా వాయించి, తర్వాత కావాలని వేలు కాస్త జరిపి తప్పు సా వాయిస్తాను. మొహం చిట్లించారంటే చెవి ఉన్నట్టే. దాదాపు అందరూ చిట్లిస్తారు.

పాశ్చాత్య సంగీతంలో పుట్టు ప్రతిభకు పెద్ద గుర్తుగా చెప్పుకునేది ఒకటుంది: పియానో మీద ఏ మెట్టు నొక్కినా, వేరే ఆధారం లేకుండా ఆ స్వరం పేరు చెప్పేయగలగడం. దీన్ని చాలాకాలం దేవుడిచ్చిన వరంగానే చూశారు. జపాన్‌లో ఒక పరిశోధకురాలు రెండు నుంచి ఆరేళ్ళ వయసున్న 24 మంది పిల్లలకు రోజూ కొద్ది నిమిషాల చొప్పున స్వర సముదాయాలు గుర్తుపట్టే శిక్షణ ఇచ్చారు. ఇద్దరు మధ్యలో మానేశారు. చివరిదాకా ఉన్న 22 మందికీ ఆ శక్తి వచ్చింది. ఆ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. పసివయసు దాటితే అది రావడం కష్టమన్నది కూడా నిజమే. మనవాళ్ళకు ఇందులో ఊరట ఏమిటంటే కర్ణాటక సంగీతానికి ఆ శక్తి అవసరమే లేదు. మన సా ఒకచోట నిలబడి ఉండదు, గొంతుకు అనువైన ఎత్తును (శ్రుతిని) బట్టి మారుతుంది. గాయకుడిది ఒకటిన్నర శ్రుతి అయితే అక్కడ, గాయనిది అయిదు శ్రుతి అయితే అక్కడ. ఆ సా నుంచి మిగతా స్వరాలు ఎంత దూరంలో ఉన్నాయో వినడమే మన చెవికి కావాలి. అది ఏ వయసులోనైనా పదునెక్కుతుంది. తంబురా వేసుకుని రోజూ కూర్చునేవాళ్ళందరికీ ఇది అనుభవమే.

ఇక గంటల లెక్క. పదివేల గంటలు సాధన చేస్తే ఎవరైనా విద్వాంసులైపోతారన్న మాట వాట్సాప్‌లో చూడనివాళ్ళు ఉండరు. దాని మూలం బెర్లిన్‌లో ఉంది. ఆండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు అక్కడి సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల్ని మూడు జట్లుగా, జట్టుకు పదిమంది చొప్పున తీసుకుని, చిన్నప్పటి నుంచి ఎంత సాధన చేశారో లెక్క కట్టి 1993లో ప్రచురించారు. అందరికంటే బాగా వాయించే జట్టు 20 ఏళ్ళ వయసుకు సగటున పదివేల గంటలు దాటింది. సగటున అన్న మాటను బయట ప్రపంచం మింగేసింది. పదివేలు గీటురాయి అని వాళ్ళు అనలేదు. ఆ జట్టులోనే అంతకు తక్కువ చేసినవాళ్ళూ ఉన్నారు. 2019లో ఇద్దరు అమెరికా పరిశోధకులు అదే పద్ధతిలో మళ్ళీ చూశారు. అత్యుత్తమ జట్టు, ఉత్తమ జట్టు రెండూ సగటున పదకొండు వేల గంటల దగ్గరే ఉన్నాయి. వాళ్ళిద్దరి మధ్య తేడాకు గంటలు కారణం కాలేదు. మూడో జట్టు మాత్రం ఆరువేల దగ్గర ఆగింది. దీన్ని నేను ఇలా చదువుకుంటాను: కొండ మీదికి చేరాలంటే గంటలు పెట్టక తప్పదు. చేరిన తర్వాత ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది గంటలు చెప్పవు.

2014లో ఇలాంటి అధ్యయనాలన్నీ పోగుచేసి చూసినప్పుడు, సంగీతంలో మనిషికీ మనిషికీ మధ్య కనిపించే తేడాలో సాధన గంటలతో వివరించగలిగింది 21 శాతమని తేలింది. ఆ అంకె చూసి “చూశారా, మిగతా 79 శాతం వరమే” అన్నవాళ్ళున్నారు. అలా అనడానికి వీల్లేదు. ఆ మిగతాదాంట్లో వయసుంది, గురువున్నాడు, కూర్చున్న గంటలో ఏం చేశాడన్నది ఉంది. చిన్నప్పుడు ఎన్ని గంటలు వాయించావని అడిగితే మనిషి జ్ఞాపకం చేసే పొరపాటూ ఉంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆలోచనలో పడేసింది స్వీడన్ కవలల అధ్యయనం. అదీ 2014 నాటిదే. పదివేలకు పైగా కవలల్ని చూశారు. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరు వేల గంటలు ఎక్కువ సాధన చేసినా, స్వరాల తేడానూ లయనూ గుర్తుపట్టే పరీక్షలో ఇద్దరూ ఒకేలా వచ్చారు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఆ పరీక్ష వినికిడికి పెట్టింది, వాయించడానికి కాదు. సాధన చేయని కవలకు వాయిద్యం ఇస్తే వాయించేస్తాడని దాని అర్థం కాదు. అదే అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. ఎంత సాధన చేస్తాం అన్నదాంట్లోనే పుట్టుక వాటా పెద్దదని, 40 నుంచి 70 శాతం దాకా ఉంటుందని. అంటే రోజూ వయొలిన్ పెట్టె తెరిచి కూర్చోవాలనిపించడం కూడా కొంత వెంట వచ్చేదే. పుట్టుక ఒక పక్క, పట్టుదల ఇంకో పక్క నిలబెట్టి తక్కెడలో తూచే పద్ధతికే ఇది అడ్డం తిరుగుతుంది. పట్టుదలలోనే పుట్టుక కలిసి ఉంది.

మరి ‘వరం’ ఉన్న పిల్లలు తక్కువ గంటల్లోనే నేర్చేసుకుంటారా? ఇంగ్లండ్‌లో 1996లో 257 మంది పిల్లల మీద చేసిన అధ్యయనం దీనికి జవాబు చెబుతుంది. అక్కడి సంగీత పరీక్షలు మెట్లుమెట్లుగా ఉంటాయి. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు వెళ్ళడానికి చురుకైన పిల్లలకూ, మధ్యలో మానేసిన పిల్లలకూ పట్టిన గంటలు ఇంచుమించు ఒకటే. చురుకైనవాళ్ళు ముందుకు పోయింది రోజూ ఎక్కువసేపు వాయించడం వల్ల. ఈ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు నా పిల్లల పేర్లు ఒక్కొక్కటే తలుచుకుంటూ కూర్చున్నాను. ‘మందం’ అనుకున్నవాళ్ళలో ఎంతమంది ఇంట్లో పెట్టె తీసేవారో నేనెప్పుడూ సరిగా అడగలేదు.

ఇప్పుడు ఆ గంట లోపలికి వెళ్దాం. అసలు విషయమంతా అక్కడే ఉంది.

నేర్చుకునే రోజుల్లో మొదటి రెండేళ్ళు నేను రోజుకు రెండు గంటలు వాయించేదాన్ని. కృతి మొదలుపెడితే చివరిదాకా వాయించేయడమే. తప్పొచ్చిన చోట కాస్త గబగబా దాటేసి, బాగా వచ్చే చోట కమాను నిండుగా లాగి తృప్తిపడేదాన్ని. రెండేళ్ళ తర్వాత తెలిసింది, నా నిషాదం, అదే ‘ని’ స్వరం, ప్రతిసారీ ఒకే చోట, ఒకే కొలతలో శ్రుతి తగ్గుతోందని. ఆ తగ్గిన నిషాదాన్ని నేను కొన్ని వేలసార్లు సాధన చేశాను! వయొలిన్‌కి వీణలా మెట్లుండవు. వేలు ఎక్కడ ఆనితే అదే స్వరం. తప్పును కూడా వేలు అంతే శ్రద్ధగా నేర్చుకుంటుంది. దాన్ని విప్పడానికి ఇంకో ఏడాది పట్టింది.

అమెరికాలో టెక్సాస్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2009లో ప్రచురించిన చిన్న ప్రయోగం చదివినప్పుడు నా నిషాదమే గుర్తొచ్చింది. పదిహేడు మంది పియానో విద్యార్థులకు ఒక కష్టమైన చిన్న భాగం ఇచ్చి, ఇష్టమొచ్చినంతసేపు సాధన చేయమన్నారు. మర్నాడు వాయించి చూపమన్నారు. బాగా వాయించినవాళ్ళు ఎక్కువసేపు కూర్చున్నవాళ్ళేమీ కాదు. ఎక్కువసార్లు వాయించినవాళ్ళూ కాదు. మొదట్లో వాళ్ళూ మిగతావాళ్ళంత తప్పులు చేశారు. కానీ తప్పొచ్చిన చోటనే ఆగి, అది ఎందుకొచ్చిందో పట్టుకుని, ఆ కొంచెం ముక్కనే వేగం తగ్గించి సరిచేసుకున్నారు. అదే తప్పు రెండోసారి రానివ్వలేదు.

ఇది మన గురువులకు తెలియనిదేమీ కాదు. ఒకే పాఠాన్ని నిదానంగా మొదలుపెట్టి వేగం పెంచుకుంటూ పోయే మొదటి కాలం, రెండో కాలం, మూడో కాలం అనే పద్ధతి ఎందుకుంది? మొదటి కాలంలో తప్పు దాక్కోవడానికి చోటుండదు. పురందరదాసు ఏర్పరిచిన క్రమమని చెప్పుకునే తొలి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఉండటంలో కూడా వయొలిన్ వాళ్ళకు ఒక మేలుంది. మన వయొలిన్ తీగల్ని సపసప అని శ్రుతి చేస్తాం. ఈ రాగంలో సరిగమల మధ్య దూరాలూ, పదనిసల మధ్య దూరాలూ అచ్చంగా ఒకటే. షడ్జం తీగ మీద సరిగమకు వేళ్ళు ఎక్కడ పడతాయో, పంచమం తీగ మీద పదనిసకూ అక్కడే పడతాయి. పసివేలు ఒకసారి నేర్చుకున్న కొలత రెండు తీగల మీదా చెల్లుతుంది. పైగా రిషభం షడ్జాన్ని, మధ్యమం గాంధారాన్ని ఆనుకుని ఉంటాయి కాబట్టి వేలు రవ్వంత జరిగినా చెవికి పొడుచుకుంటుంది. ఆర్నెల్లు సరళీలేనా అని విసుక్కునే తల్లిదండ్రులకు నేను ఇది వాయించి చూపిస్తాను.

చేతి విషయంలో దాచాల్సిందేమీ లేదు. చిన్నప్పుడు మొదలుపెట్టినవాళ్ళకు మేలుంది. తీగ వాయిద్యాల వాళ్ళ ఎడమచేతి వేళ్ళకు మెదడులో కేటాయించిన చోటు పెద్దదవుతుందని, చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్ళలో అది ఇంకా ఎక్కువని 1995లో జర్మనీలో చూశారు. నలభైల్లో కమాను పట్టుకున్నవాళ్ళు నా దగ్గరా ఉన్నారు. వాళ్ళ మూడో కాలం పిల్లల మూడో కాలంలా పరిగెత్తదు. కానీ తప్పొచ్చిన చోట ఆగడం వాళ్ళకు చెప్పక్కర్లేదు.

వంశం గురించి కూడా ఒక మాట. షేక్ చిన మౌలానా గారిది ప్రకాశం జిల్లా కరవది. తరతరాలుగా నాదస్వరం వాయించే కుటుంబం. రక్తంలోనే ఉందని ఎవరి గురించైనా అనగలమంటే ఆయన గురించి అనవచ్చు. అలాంటి మనిషి తంజావూరు బాణీ మీద మనసుపడి, తమిళ దేశం వెళ్ళి నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల దగ్గర శిష్యరికం చేశారు. చివరికి శ్రీరంగంలోనే స్థిరపడ్డారు. చేతికి వచ్చేసిన విద్యను పక్కన పెట్టి మళ్ళీ శిష్యుడిగా కూర్చోవడానికి ఎంత చెవి కావాలో, ఎంత వినయం కావాలో నేను ఊహించుకోవడానికి ప్రయత్నిస్తుంటాను.

వరం అనే మాట చేసే చెరుపు రెండు వైపులా ఉంటుంది. లేదన్న పిల్ల పెట్టె మూసేస్తుంది. ఉందన్న పిల్ల సంగతి ఇంకా కష్టం. తొందరగా వచ్చేస్తోందని అందరూ మెచ్చుకున్న పిల్లలు, కష్టమైన పాఠం మొదటిసారి ఎదురవగానే వాయించడానికే జంకుతారు. తప్పు వాయిస్తే ఆ పేరు పోతుందేమోనని. తప్పు వినడానికి ఇష్టపడని చెవి ఎంత చురుకైనదైతే మాత్రం ఏం లాభం? అమెరికాలో ఉంటూ ఆన్‌లైన్‌లో నేర్చుకునే మన పిల్లలతో ఈ ఇబ్బంది ఇంకా బాగా తెలుస్తుంది. మాట ఒక క్షణం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువు, శిష్యుడు కలిసి వాయించలేరు. పక్కన కూర్చుని వాయిస్తుంటే నా స్వరంలో వాళ్ళ తప్పు కరిగిపోతుంది. అక్కడ ఆ ఆసరా లేదు. వాళ్ళ తప్పు వాళ్ళే వినాలి.

అందుకే ఈమధ్య “వస్తుందంటారా?” అన్నవాళ్ళకు నేను అవుననీ కాదనీ చెప్పడం మానేశాను. ఇంట్లో రోజూ సంగీతం వినబడనివ్వమంటాను. రోజుకు ఇరవై నిమిషాలు, తంబురా పెట్టుకుని, మొదటి కాలంలో. తప్పొస్తే ఆగాలి, ఆ రెండు స్వరాలే మళ్ళీ వాయించాలి. ఆర్నెల్ల తర్వాత ఇదే ప్రశ్న మళ్ళీ అడగమంటాను. చాలామంది అడగరు.

ఒక అమ్మాయి జంట స్వరాలు దాటడానికి పదకొండు నెలలు తీసుకుంది. వాళ్ళమ్మ రెండుసార్లు మాన్పించేద్దామా అని అడిగారు. మొన్న మోహన వర్ణం వాయిస్తోంది. చరణం దగ్గర నేను ఏమీ అనలేదు. తనే కమాను ఎత్తేసి, “టీచర్, ఆగండి, గాంధారం తగ్గింది” అంది. వేలు రవ్వంత ముందుకు జరిపి, ఆ ఒక్క స్వరాన్నే నిదానంగా నాలుగుసార్లు లాగి, అప్పుడు మళ్ళీ చరణం ఎత్తుకుంది.